ఫైల్ ఎంచుకునే విండోలో ఫొటోలు కాక పేర్లే కనిపిస్తున్నాయి (డెబియన్ 12 లైనక్స్, గ్నోమ్ డెస్క్‌టాప్)

గోదారిగట్టు:
నమస్కారం. పాత దేవాలయాల శిల్పాలను ఫొటోలు తీసి వికీమీడియా కామన్స్‌లోకి ఎక్కిస్తుంటాను. అప్‌లోడ్ బటన్ నొక్కగానే ఫైర్‌ఫాక్స్ తెరిచే విండోలో కెమెరా పెట్టిన అంకెల పేర్లు మాత్రమే వరుసగా ఉంటాయి. ఒక పేరు మీద నొక్కితే ఆ ఒక్క ఫొటో కుడిపక్కన చిన్నగా కనిపిస్తుంది కానీ, ఒకే స్తంభాన్ని నాలుగైదు కోణాల్లో తీసినప్పుడు బాగా వచ్చినదాన్ని ఏరుకోవాలంటే అన్నిటినీ పక్కపక్కన చూడాలి కదా. అదే ఫోల్డర్ ఫైల్ మేనేజర్‌లో చక్కగా కనిపిస్తోంది. సెట్టింగ్స్‌లో ఏదైనా మార్చాలా?

పాతకీబోర్డు:
మీ సెట్టింగ్స్‌లో లోపమేమీ లేదండీ. గ్నోమ్ బగ్ జాబితాలో ఈ ఫిర్యాదు 2004లోనే నమోదైంది. ఆ విండోను చూపించేది ఫైల్ మేనేజర్ కాదు, జీటీకే అనే లైబ్రరీ. మధ్యలో కొందరు ప్యాచ్‌లు (దిద్దుబాటు కోడ్) రాసినా అవి అందులో చేరలేదు. 2020లో వచ్చిన జీటీకే 4లో పెద్ద ఫోల్డర్లనైనా గడులుగా తేలిగ్గా చూపగల విడ్జెట్లు (విండోలోని భాగాలు) వచ్చాక, చివరికి 2023 మార్చిలో 4.10 వెర్షన్‌తో సమస్య తీరింది. డెబియన్ 12 అదే ఏడాది జూన్‌లో విడుదలైనా, ప్యాకేజీల ఫ్రీజ్ (కొత్త వెర్షన్లు చేర్చడం ఆపేయడం) అంతకుముందే మొదలైనందున అందులో జీటీకే 4.8 ఉండిపోయింది. పైగా ఫైర్‌ఫాక్స్ నడిచేది జీటీకే 3 మీద, కాబట్టి 4.10లో వచ్చిన మార్పు దానికి అందదు.

నల్లతెర:
విడ్జెట్ లేకపోవడమే కారణమంటే నేను ఒప్పుకోను. నిదానంగా పనిచేసేదైనా, గడులుగా చూపే విడ్జెట్ జీటీకే 2 కాలం నుంచే ఉంది. గ్నోమ్ లాంటి మరో డెస్క్‌టాప్ కేడీఈ, వాళ్ల విండోలో ఫొటోలు ఎన్నో ఏళ్లుగా కనిపిస్తున్నాయి. జీతం లేకుండా రాసేవారిని నిలదీసే హక్కు మనకు లేదు, నిజమే. అయినా వచ్చిన ప్యాచ్‌ను చూసి అవునో కాదో చెప్పడానికి పంతొమ్మిదేళ్లు అక్కర్లేదు.

గోదారిగట్టు గారూ, ప్రస్తుతానికి ఫైల్ మేనేజర్‌లో ఫొటోలను ఎంచుకొని, మౌస్‌తో లాగి అప్‌లోడ్ పేజీ మీద వదిలేయండి. వీలైతే డెబియన్ 13కి మారండి. అందులో గ్నోమ్ 48 ఉంది. 47 నుంచి గ్నోమ్‌లో ఫైల్ మేనేజరే ఈ విండోగా తెరుచుకుంటోంది. అయితే ఫైర్‌ఫాక్స్ దాన్ని తనంతట తాను పిలవకపోవచ్చు. అడ్రస్ బార్‌లో about:config అని టైప్ చేస్తే వచ్చే పేజీలో ‘పోర్టల్’ అని ఇంగ్లిష్‌లో వెతికి, ‘ఫైల్ పికర్’ అని ముగిసే సెట్టింగ్ విలువను 2 నుంచి 1కి మార్చండి.

గోదారిగట్టు:
లాగి వదిలితే పని జరిగింది, ఇద్దరికీ ధన్యవాదాలు. డెబియన్ 13కి మారితే ఫొటోలు దిద్దే గింప్‌లో కూడా ఈ విండో మారుతుందా?

పాతకీబోర్డు:
మారదండీ. పోర్టల్‌ను (ప్రోగ్రాము బదులు డెస్క్‌టాపే ఈ విండోను తెరిచే ఏర్పాటు) అడిగే ప్రోగ్రాములకే కొత్త విండో వస్తుంది. గింప్ తన విండోను తానే తయారుచేసుకుంటుంది. అక్కడ కూడా ఫొటోను లాగి వదలడమే సులువు.