పాత వంటగదిలోకి వెలుతురు రావాలంటే గోడ తీసేయాల్సిందేనా?

ప్రశ్న:
మా వంటగది కట్టి ముప్పై ఏళ్లయింది. ఉన్నది ఒక్కటే కిటికీ. దానికి ఇరువైపులా కప్పు దాకా ముదురు గోధుమరంగు అల్మరాలు, కింద నల్ల గ్రానైట్ గట్టు. మధ్యాహ్నం కూడా లైటు వేయనిదే కూరగాయలు తరగలేము. వేసినా, అది గది మధ్యలో మన వెనుక ఉండడం వల్ల మన నీడ చేతుల మీదే పడుతుంది. భోజనాల గదికి అడ్డుగా ఉన్న గోడను పూర్తిగా తీయించాలనుకుంటున్నాము. ఇలా చేయించినవారు మీ అనుభవం చెప్పగలరు.

సమాధానం 1:
సుత్తి పడకముందే ఆ గోడను స్ట్రక్చరల్ ఇంజనీరుకు చూపించండి. స్తంభాలు, బీముల మీద నిలిచిన ఇంట్లో లోపలి గోడలు చాలావరకు అడ్డుగోడలే గానీ, గోడలే స్లాబును మోసే ఇంట్లో ఒక్క గోడ తీసినా పగుళ్లతో ఆగకపోవచ్చు. మందం చూసి నోటిమాటగా తేల్చే విషయం కాదిది. లోపల వెళ్లే వైర్లు, నీటి గొట్టాలు కూడా ముందే గుర్తించాలి.

సమాధానం 2:
మేము ఇంజనీరును అడిగి, గోడను నడుము ఎత్తు వరకు ఉంచి, పై భాగం మాత్రమే తీయించి, పై బరువును మోసే అడ్డదూలం (లింటెల్) వేయించాము. హాలు వెలుతురు లోపలికి వస్తోంది, సింకులోని అంట్లు బయటికి కనబడవు, గోడకున్న కింది అరలూ మిగిలాయి. అయితే గోడ తెరిచాక పొగ, నూనె జిడ్డు ఇల్లంతా పాకుతాయి కనుక, గొట్టం ద్వారా గాలిని బయటికి పంపే చిమ్నీయే పెట్టించండి. గాలిని వడగట్టి మళ్లీ గదిలోకే వదిలే రకం జిడ్డును కొంత పట్టినా, వేడినీ ఆవిరినీ బయటికి పంపలేదు.

సమాధానం 3:
మీరు చెప్పిన నీడ గోడ తీసినా పోదు. అది లైటు ఉన్న చోటు వల్ల వచ్చింది. పై అల్మరాల అడుగున, ముందు అంచుకు దగ్గరగా ఎల్‌ఈడీ పట్టీ బిగిస్తే వెలుగు నేరుగా కత్తిపీట మీద పడుతుంది. నున్నటి నల్ల గ్రానైట్‌లో బల్బులు చుక్కలు చుక్కలుగా ప్రతిబింబిస్తాయి కనుక పాలరంగు మూత ఉన్న పట్టీ తీసుకోండి. 4000 కెల్విన్ వెలుగు (మరీ పసుపూ, మరీ నీలమూ కాని తెలుపు), 90కి తగ్గని సీఆర్‌ఐ (లైటు రంగులను ఎంత సహజంగా చూపిస్తుందో తెలిపే కొలత) ఉంటే కూరగాయల రంగు ఉన్నదున్నట్టు కనిపిస్తుంది. అలాగే కిటికీని ఆనుకుని ఉన్న రెండు అల్మరాలను తీసి, ఆ గోడకు తెల్లటి మ్యాట్ రంగు వేయించండి. ఈ రెండూ అయ్యాకే గోడ సంగతి తేల్చుకోవడం మంచిదని నా అభిప్రాయం.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. నిన్న కిటికీకి ఎడమవైపు అల్మరా విప్పించాము. స్టవ్ దాకా వెలుతురు పడుతోంది. ఇంజనీరు వచ్చి చూసేవరకు గోడను ముట్టుకోము.