పెరట్లో 30 మందికి బార్బెక్యూ: మటన్, బొగ్గుల గురించి చెప్పగలరా?

మాది హనుమకొండ. దసరా మరునాడు చుట్టాలందరినీ పిలిచి పెరట్లో బార్బెక్యూ పెడుతున్నాం, పిల్లలతో కలిపి 30 మంది. ఇటుకలు పేర్చి పైన ఇనుప జాలీ వేస్తాం. చికెన్ లెగ్ పీసులకు గాట్లు పెట్టి పెరుగు, అల్లంవెల్లుల్లి, కారం పట్టించి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచుతాం, దాంతో బాధ లేదు. టెన్షనంతా మటన్ గురించే. పచ్చి బొప్పాయి ముద్ద కలిపితే మెత్తబడుతుంది, కానీ ఎక్కువసేపు ఉంచితే ముక్క పిండిపిండి అవుతుంది. కిలోకు ఎంత కలపాలి, ఎన్ని గంటలు ఉంచాలి?

బొగ్గుల మీద తెల్ల బూడిద పట్టాకే ముక్కలు పెడతాం. మధ్యలో కొత్త బొగ్గు వేయాల్సి వస్తే పొగ లేవకుండా ఏం చేస్తారు? మొత్తం ఎన్ని కిలోలు కొనాలి?

మా అత్తమ్మ మాంసం ముట్టరు. ఆమెకు వేరే పొయ్యి మీద పనీర్, మక్క కంకులు కాలుస్తాం. ఆమె కూడా అందరితో కలిసి వేడివేడిగా తినాలి. ఇంకేం చేయొచ్చు?