చదువుల సంవత్సరం మధ్యలో లెక్చరర్ రాజీనామా: నెల నోటీసు చాలా, పరీక్షల దాకా ఉండాలా?

హనుమకొండ ఫిజిక్స్, డిసెంబరు 27

హనుమకొండలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఆరేళ్లుగా ఫిజిక్స్ చెబుతున్నాను. జీతం 26,000. ఎండాకాలం రెండు నెలలు అందులో సగమే ఇస్తారు. కరీంనగర్‌లో ఒక రెసిడెన్షియల్ స్కూల్లో ఉద్యోగం దొరికింది, జనవరి 19న చేరాలి. డిసెంబరు 15న కరస్పాండెంట్ సార్‌కు రాజీనామా లేఖ చేతికిచ్చాను. అపాయింట్‌మెంట్ లెటర్‌లో నెల నోటీసు అని రాసి ఉంది. ఆ లెక్కన జనవరి 14తో సరి.

సార్ లేఖ చదివి టేబుల్ సొరుగులో పడేశారు. "పరీక్షలు ముందర పెట్టుకొని ఈ మాట ఎట్ల మాట్లాడుతవు? మార్చి దాక మళ్ల ఎత్తకు" అన్నారు. మర్నాడు కాలేజీ వాట్సాప్ గ్రూపులోంచి నన్ను తీసేశారు. నాలుగు రోజులుగా బయోమెట్రిక్ మిషన్ నా వేలు తీసుకోవడం లేదు. అడిగితే మిషన్ ఖరాబైందంటారు, మిగతా అందరి వేళ్లూ పడుతున్నాయి. చేరినప్పుడు తీసుకున్న ఎమ్మెస్సీ, బీఈడీ ఒరిజినల్స్ వాళ్ల దగ్గరే ఉన్నాయి. అదే లెటర్‌లో కింద ఇంకో షరతు ఉంది: చదువుల సంవత్సరం మధ్యలో వదిలేస్తే మూడు నెలల జీతం కట్టాలి. గ్రాట్యుటీ కూడా రాదన్నారు.

స్టాఫ్ రూంలో ఒకరు రేపటి నుంచే మానెయ్ అంటారు. ఇంకొకరు పిల్లల ఉసురు తగులుతుందంటారు. సెకండియర్‌లో పరమాణువులు, కేంద్రకాలు, అర్ధవాహకాలు ఇంకా మిగిలాయి. ఈ టెన్షన్‌తో రాత్రి నిద్ర పట్టడం లేదు. నెల పూర్తి చేసి వెళ్తే న్యాయమేనా? మీరే చెప్పండి.

కాజీపేట ప్యాసింజర్, డిసెంబరు 27

అన్నా, నెల కూడా ఉండొద్దు. వేలు పడకుండా చేసినప్పుడే వాళ్లు మీతో సంబంధం తెంపుకున్నట్టు. నేనూ ఇదే హనుమకొండలో నాలుగేళ్లు మ్యాథ్స్ చెప్పాను. ఒక మార్చిలో, పరీక్షలు అయిన మర్నాడే ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది: "సార్, రేపటి నుంచి రానక్కర లేదు, జూన్‌లో అవసరమైతే పిలుస్తాం." నాకెవరు నోటీసు ఇచ్చారు? ఆ రెండు నెలలు ఇంటి కిరాయి ఎలా కట్టానో నాకు తెలుసు. ఇప్పుడు రోజూ రైలెక్కి సికింద్రాబాద్ పోయి వేరే పని చేసుకుంటున్నాను. బాండ్లు, షరతులు ఏవీ కోర్టులో నిలవవు. లేబర్ కోర్టుకు పొండి.

జగిత్యాల సార్, డిసెంబరు 28

నేను యాజమాన్యం వైపు మనిషిని, దాచుకోను. చిన్న కాలేజీ నడుపుతున్నాను. రెండేళ్ల కింద జనవరిలో ఒకే వారం ఇద్దరు లెక్చరర్లు వెళ్లిపోయారు. బోటనీకి ఎవరో దొరికారు, ఫిజిక్స్‌కు పరీక్షల దాకా ఎవరూ దొరకలేదు. పక్క ఊరి కాలేజీ సార్‌ను బతిమాలి ఆదివారాలు తెచ్చుకున్నాను. ఆ ఏడాది మా దగ్గర ఫిజిక్స్‌లో తప్పిన పిల్లల్లో ఎక్కువమంది రెక్కాడితే గాని డొక్కాడని ఇళ్లవాళ్లు. వాళ్ల తల్లిదండ్రులు వచ్చి కూర్చుంటే నా దగ్గర జవాబు లేదు.

తమ్ముడూ, మంచి జీతం వస్తే వెళ్లడం మీ హక్కే. కానీ సాఫ్ట్‌వేర్ కంపెనీలో ప్రాజెక్టు ఇంకొకరికి అప్పజెప్పినట్టు కాదిది. ఫిబ్రవరి చివర్లో పరీక్షలు. ఎనిమిది వారాలు ఆగితే ఏం పోతుంది? కొత్త స్కూలువాళ్లను అడిగి చూశారా? పిల్లల కోసం ఆగిన సార్‌ను వద్దనే స్కూలు మంచి స్కూలు కాదు.

ఒరిజినల్స్ పెట్టుకోవడం మాత్రం తప్పు. ఒకప్పుడు నేనూ పెట్టుకున్నాను. ఇప్పుడు జిరాక్సులు చూసి తిరిగిచ్చేస్తున్నాను.

కాజీపేట ప్యాసింజర్, డిసెంబరు 28

సార్, తప్పు ఒప్పుకున్నారు, దానికి మీ మీద గౌరవం ఉంది. ఒకటే అడుగుతాను. జనవరిలో లెక్చరర్ పోతే పిల్లలు గుర్తొస్తారు. మరి ఎండాకాలం సగం జీతం ఇచ్చేటప్పుడు ఆ లెక్చరర్ ఇంట్లో ఉన్న పిల్లలు ఎందుకు గుర్తు రారు? ఎనిమిది వారాలు ఆగి కరీంనగర్ ఉద్యోగం పోగొట్టుకుంటే, మార్చి తర్వాత ఈయనను ఉంచుకుంటామని ఆ కరస్పాండెంట్ రాసిస్తారా?

అదాలత్ జూనియర్, డిసెంబరు 28

హనుమకొండ కోర్టులో జూనియర్ లాయర్‌గా చేస్తున్నాను. ప్యాసింజర్ అన్న కోపం న్యాయమైనదే గానీ రెండు మాటలు సరిచేయాలి, లేకపోతే ఫిజిక్స్ సార్ చిక్కుల్లో పడతారు.

లేబర్ కోర్టు దారి టీచర్లకు లేదు. అప్పటి పారిశ్రామిక వివాదాల చట్టంలోని కార్మికుడు అనే నిర్వచనం కిందికి టీచర్లు రారని సుప్రీంకోర్టు 1988లోనే చెప్పింది. బాండ్లు అసలే నిలవవన్నదీ సరికాదు. 2025 మేలో విజయా బ్యాంకు కేసులో, మూడేళ్లు నిండకముందే వెళ్లిపోయిన ఉద్యోగి రెండు లక్షలు కట్టాలన్న షరతును సుప్రీంకోర్టు సమర్థించింది. అయితే అది ప్రభుత్వ బ్యాంకు. మళ్లీ బహిరంగ ప్రకటన ఇచ్చి నియామకం జరపడానికి పట్టే ఖర్చును, సమయాన్ని కోర్టు లెక్కలోకి తీసుకుంది. మీ కాలేజీ కూడా అలాంటి నష్టం చూపించాలి. 1872 కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఒప్పందంలో రాసుకున్న సొమ్ము గరిష్ఠ హద్దు మాత్రమే. దానికి లోబడి ఎంత సబబో అంతే ఇప్పిస్తారు. మీ లెక్కలో ఆ హద్దు 78,000. ఒకే లెటర్‌లో నెల నోటీసు అనీ, మధ్యలో పోతే మూడు నెలల జీతం అనీ రాశారు కాబట్టి వాదించడానికి మీకూ చోటుంది. అదే మీరు రేపటి నుంచి మానేస్తే ఆ చోటు పోతుంది. నోటీసు మధ్యలో వదిలిన మనిషిగా నిలబడాల్సి వస్తుంది.

మార్చి దాకా ఉండి తీరాలని మిమ్మల్ని ఎవరూ బలవంతపెట్టలేరు. ఇష్టం లేని మనిషి చేత ఉద్యోగం చేయించే ఆదేశం కోర్టులు ఇవ్వవు. రాజీనామా ఉద్యోగి హక్కు అని, ఉద్యోగ నిబంధనలు అడ్డుపడితేనో క్రమశిక్షణ చర్య పెండింగ్‌లో ఉంటేనో తప్ప ఆపలేరని సుప్రీంకోర్టు 2018లో నేషనల్ ఏవియేషన్ కంపెనీ ఉద్యోగి కేసులో చెప్పింది.

గ్రాట్యుటీ రాదన్నది తప్పు. టీచర్లను 1972 గ్రాట్యుటీ చట్టంలోకి తెచ్చిన 2009 సవరణ 1997 ఏప్రిల్ 3 నుంచి వర్తిస్తుంది. ప్రైవేటు స్కూళ్లు దాని మీద సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2022లో ఓడిపోయాయి. ఆ చట్టం స్థానంలో ఇప్పుడు సామాజిక భద్రత కోడ్ వచ్చినా ఐదేళ్లు దాటి రాజీనామా చేసినవారికి గ్రాట్యుటీ ఉంది. చివరి నెల బేసిక్, డీఏ కలిపి 26,000 అయితే దాన్ని 26తో భాగించి 15తో గుణిస్తే 15,000. ఆరేళ్లకు 90,000. వెళ్లిన 30 రోజుల్లో ఇవ్వాలి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం రాజీనామా చేసినవారికి రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో చెల్లించాలి.

నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఆ బయోమెట్రిక్. నోటీసు కాలంలో మీరు గైర్హాజరైనట్టు కాగితం మీద చూపించడానికి అది పనికొస్తుంది. కాబట్టి రోజూ సాయంత్రం కాలేజీ మెయిల్‌కు నాలుగు లైన్లు రాయండి: ఈ రోజు ఫలానా పీరియడ్, ఫలానా సెక్షన్, ఈ పాఠం చెప్పాను, బయోమెట్రిక్ పనిచేయలేదు. కోపం మాట ఒక్కటి కూడా వద్దు. సొరుగులో పడేసిన లేఖ ప్రతిని డిసెంబరు 15న చేతికిచ్చినట్టు రాసి స్పీడ్ పోస్టులో రిజిస్ట్రేషన్‌తో పంపండి. పాత రిజిస్టర్డ్ పోస్టును 2025 సెప్టెంబరు 1 నుంచి స్పీడ్ పోస్టులో కలిపేశారు కదా, కౌంటర్‌లో రిజిస్ట్రేషన్ కావాలని అడగాలి.

పీఎఫ్ ఉంటే, వాళ్లు నిష్క్రమణ తేదీ వేయకపోయినా గాబరా పడకండి. చివరి చందా పడ్డ రెండు నెలలకు ఆధార్ ఓటీపీతో పోర్టల్‌లో మీరే వేసుకోవచ్చు.

పరకాల అమ్మ, డిసెంబరు 29

మా పాప సెకండియర్ ఎంపీసీ, హనుమకొండలోనే హాస్టల్లో ఉంటుంది. ఈ చర్చ చదువుతుంటే గుండె దడదడలాడింది. మా పాప వాళ్ల సార్ కూడా ఇలాగే పోతారేమో అని.

సార్, మీరు మార్చి దాకా ఉండాలని నేను అడగను. ఫీజు కట్టింది కాలేజీకి. ఒక సార్ పోతే ఇంకొకరిని తెచ్చే బాధ్యత వాళ్లది. కానీ పిల్లలకు చెప్పకుండా మాత్రం పోవద్దు. పోయినేడు మా పాపకు కెమిస్ట్రీ చెప్పే మేడం దసరా సెలవుల తర్వాత రాలేదు. ఎందుకు రాలేదో ఎవరూ చెప్పలేదు. తను సరిగా చదవట్లేదని మేడం అలిగారేమోనని పాప చాలా రోజులు బాధపడింది. పదహారేళ్ల పిల్లలు అలాగే అనుకుంటారు.

జనవరి నెలాఖరున మేడారం జాతర. ఆ వారం బస్సులన్నీ అటే పోతాయి, క్లాసులు సరిగా సాగవు. ఆ లోపల పాఠాలు అయిపోతే పిల్లలు ఇంట్లోనైనా చదువుకుంటారు. ఎంతవరకు చెప్పగలరో అది చెప్పి, మిగిలింది ఎవరు చెబుతారో పిల్లలకు చెప్పి వెళ్లండి. మాకు అది చాలు.

హనుమకొండ ఫిజిక్స్, డిసెంబరు 29

అమ్మా, మీ మాటతో నాకు దారి తెలిసింది. ఇన్ని రోజులు కరస్పాండెంట్ సార్‌కు ఏం జవాబు చెప్పాలా అనే ఆలోచించాను. క్లాసులో పిల్లలకు ఒక్క ముక్క చెప్పలేదు.

లెక్క వేసుకున్నాను. సంక్రాంతి సెలవులు తీసేస్తే చేతిలో పదకొండు రోజులున్నాయి. పొద్దున స్టడీ అవర్ కూడా నేనే తీసుకుంటే పరమాణువులు, కేంద్రకాలు పూర్తవుతాయి, అర్ధవాహకాలు సగం దాకా వస్తాయి. నాకు డిగ్రీలో చెప్పిన సార్ రిటైరై ఇక్కడే ఉన్నారు. మిగిలింది, రివిజన్ చెప్పగలరేమో ఆయనను అడుగుతాను. పరీక్షల దాకా ఆదివారం సాయంత్రాలు ఫోన్‌లో డౌట్లు నేను చెబుతాను.

జగిత్యాల సార్, కరీంనగర్ వాళ్లను ఇవాళ అడిగాను. మార్చి దాకా ఆగలేమన్నారు. వాళ్ల దగ్గరా పదో తరగతి పిల్లలకు ఫిజిక్స్ సార్ లేరట.

జగిత్యాల సార్, డిసెంబరు 30

అక్కడా పిల్లలే ఉన్నారంటే నేనింక ఒత్తిడి చేయను. ఒక్క సలహా. ఆ రిటైర్డ్ సార్‌ను వెంట తీసుకొని కరస్పాండెంట్ గదికి వెళ్లండి. ఫోన్ నంబరు ఇస్తే ఆయన పట్టించుకోడు, మనిషి ఎదురుగా కూర్చుంటే మాట మారుతుంది. స్టాఫ్ అందరి ముందు ఆ విషయం ఎత్తొద్దు. మీ ఒక్కరికి తలొగ్గితే మిగతా వాళ్లూ లేఖలు పట్టుకొస్తారన్న భయం మా వాళ్లకు ఎక్కువ. అది తెలిసే చెబుతున్నాను.

కాజీపేట ప్యాసింజర్, డిసెంబరు 30

నేను ఇప్పటికీ మానెయ్యమనే అంటాను. వేలు పడకుండా చేసిన చోటికి రోజూ వెళ్లి పాఠం చెప్పడం నా వల్ల అయ్యేది కాదు. కానీ సారు చేసేది చిన్న పని కాదు. ఒరిజినల్స్ చేతికి వచ్చేదాకా మాత్రం ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి.

హనుమకొండ ఫిజిక్స్, జనవరి 9

అడిగినవాళ్ల కోసం చెబుతున్నాను. 31న స్పీడ్ పోస్టు పంపాను, అందినట్టు రుజువు వచ్చింది. రోజూ మెయిల్ పెట్టాను, ఒక్కదానికీ జవాబు రాలేదు. ఐదో తారీకున మా పాత సార్‌తో కలిసి కరస్పాండెంట్ సార్ గదికి వెళ్లాను. ఏ రోజు ఏ పాఠమో రాసిన కాగితం ముందు పెట్టాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "కెమిస్ట్రీ సార్ కూడ పోతడని విన్న. ఇద్దరు ఒకేసారి పోతే ఏం చెయ్యాలె?" అన్నారు. మూడు వారాల్లో ఆయన నాతో మనసులో మాట చెప్పింది అదొక్కటే. జగిత్యాల సార్ చెప్పిన భయం అదే. మా పాత సార్‌తో గెస్ట్‌గా అక్కడే మాట్లాడుకున్నారు.

ఒరిజినల్స్ నిన్న ఇచ్చారు. రిలీవింగ్ లెటర్ పద్నాలుగున ఇస్తామన్నారు. మూడు నెలల జీతం ఊసెత్తలేదు, అలాగని వద్దని రాసీ ఇవ్వలేదు. గ్రాట్యుటీ మాత్రం "మార్చి తర్వాత చూద్దాం" అంటున్నారు. జూనియర్ గారూ, ఇప్పుడే అడగనా, వెళ్లాక అడగనా?

అదాలత్ జూనియర్, జనవరి 9

వెళ్లిన వెంటనే రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టండి, అందినట్టు సంతకం తీసుకోండి. 30 రోజులు దాటితే వడ్డీతో కలిపి అడగడానికి కార్మిక శాఖ అధికారి దగ్గరికి వెళ్దాం. రిలీవింగ్ లెటర్‌తో పాటు, బాకీలేమీ లేవని నో డ్యూస్ కాగితం కూడా అడగండి. ఆ 78,000 రేపు మళ్లీ పైకి రాకుండా ఉండాలంటే అదే ఆధారం.

హనుమకొండ ఫిజిక్స్, జనవరి 9

అలాగే చేస్తాను. పిల్లలకు రెండో తారీకునే చెప్పాను. ఇద్దరు ముగ్గురు ఏడ్చారు, ఒక అబ్బాయి మూడు రోజులు నాతో మాట్లాడలేదు. ఇవాళ వచ్చి పీఎన్ సంధి డౌటు అడిగాడు. రేపే నా చివరి క్లాసు, డయోడ్‌ను ఏకధిక్కారిణిగా వాడటం దాకా చెబుతాను. ట్రాన్సిస్టర్ నుంచి పాత సార్ అందుకుంటారు, నోట్స్ ఆయనకు ఇచ్చేశాను.