గట్టు గడ్డిలోంచి లేస్తున్న ఈ రెక్కల పురుగులు ఏంటండీ?

సార్వా_రైతు (అమలాపురం దగ్గర)
వరి ఊడ్పులై నెల దాటింది, స్వర్ణ రకం వేశాం. గట్టు మీద గరికలో కాలు పెడితే చాలు, గోధుమ రంగు చిన్న పురుగులు గుంపుగా లేచి రెండు బారలు ఎగిరి మళ్ళీ గడ్డిలోకే దిగిపోతున్నాయి. రాత్రిళ్ళు వరండా లైటు చుట్టూ ఇవే. షాపాయన ఈరోజే మందు కొట్టెయ్యమంటున్నాడు. గడ్డిలో ఉన్నదానికి చేలో మందెందుకండీ? టెన్షన్‌గా ఉంది.

బోదెగట్టు
ఒకదాన్ని పట్టుకుని రెక్క చూడండి. అడ్డంగా రెండు ముదురు అలల గీతలు, వాటి మధ్య సగంలో ఆగిపోయిన పొట్టి గీత, అంచున నల్లటి పట్టీ ఉంటే అది వరి ఆకుముడత పురుగే. ఈ రెక్కల పురుగు ఆకు తినదు, తినేది దాని పిల్ల. గరిక, ఊద, వరి అన్నీ గడ్డి జాతే కాబట్టి దేని మీదైనా బతుకుతుంది, అందుకే గట్టు మీది గడ్డి దానికి పుట్టిల్లు. ఈనె పక్కన ఒకటో రెండో గుడ్లు పెడుతుంది, 4-6 రోజుల్లో పొదుగుతాయి. ఆకుపచ్చ పురుగు పట్టుదారంతో ఆకు అంచులు కలిపి కుట్టుకుని లోపల పచ్చదనం గీకుతుంది, అందుకే తెల్లచారలు. ముడత విప్పితే గిలగిల్లాడి జారిపోతుంది చూడండి! రెండు మూడు వారాలు తిని, ముడతలోనే ఓ వారం ప్యూపాగా (తిండి మానేసి రెక్కల పురుగుగా మారే దశ) ఉండి మళ్ళీ ఎగురుతుంది.

లంకవాసి
షాపాయనకి అమ్మకం కావాలండి. ఇప్పుడే కొడితే ముందు చచ్చేది ఈ పురుగుల్ని తినే సాలీళ్ళే. దుబ్బుకి ఒకటి రెండు ముడతలు దాటితే అప్పుడు ఆలోచించండి, పిలకల దశలో కొంత ఆకు పోయినా మొక్క తేరుకుంటుంది, పోటాకుకి (వెన్ను దగ్గరుండే చివరి ఆకు) తగిలితేనే గింజ దెబ్బతింటుంది. ప్యూపా అయిపోయాక మందు కొట్టడం డబ్బు దండగ.

సార్వా_రైతు
చూశానండి, గీతలు అలాగే ఉన్నాయి. కొబ్బరి నీడ పడే మూలలోనే ముడతలు, మిగతా చేను శుభ్రంగా ఉంది. యూరియా ఇంకో దఫా వెయ్యాలి మరి?

బోదెగట్టు
నీడంటే దానికి ఇష్టం, ఏపుగా ఉన్న ఆకు ఇంకా ఇష్టం. యూరియా కొన్నాళ్ళు ఆపండి. మడిలో నీళ్ళుండగా ఇద్దరు చెరో చివర పట్టుకుని దుబ్బుల మీదుగా తాడు లాగండి, ముడతలు విడి పురుగులు నీళ్ళలో పడతాయి. గట్టు మీద గరికా, చేలో ఊదా కూడా పీకించండి, అవి ఉన్నంతకాలం ఇది పోదండి.