మా బడి పాత రిజిస్టర్లు ఎవరైనా చదివి పెట్టగలరా?

అందరికీ నమస్కారం. హనుమకొండలో మా ప్రభుత్వ హైస్కూల్ చరిత్ర రాద్దామని పూర్వ విద్యార్థులం కూర్చున్నాం. స్వపరిపాలన దినోత్సవాలు, దసరా సెలవుల ముందు ఆడిన బతుకమ్మలు అందరికీ గుర్తే, రాసేస్తాం. చిక్కంతా నిజాం కాలం అడ్మిషన్ రిజిస్టర్లతోనే. అంతా ఉర్దూ, అదీ గొలుసుకట్టు రాత. అంచులు చెదలు తినేశాయి. తేదీలు ఫస్లీలో, అంటే నిజాం కాలంలో వాడిన సంవత్సర లెక్కలో ఉన్నాయి. 1347 ఫస్లీ అంటే 1937-38 అని లెక్క కట్టుకున్నాం, పేర్లు మాత్రం అంతుపట్టడం లేదు. పాత ఉర్దూ చేతిరాత చదవగలిగే పెద్దలు వరంగల్, కాజీపేట వైపు ఎవరైనా ఉన్నారా? తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో విద్యాశాఖ ఫైళ్లు చూడాలంటే ఎవరికి దరఖాస్తు పెట్టాలి? 1948కి ముందు చదివిన తాతల దగ్గర గ్రూప్ ఫోటోలుంటే ఫోన్‌లో తీసి పంపినా చాలు.