మూడో సంవత్సరంలో బయోకెమిస్ట్రీ డిగ్రీని విశాఖ నుంచి హైదరాబాద్‌కు మార్చుకోవచ్చా?

ప్రశ్న (విశాఖ విద్యార్థిని):

పెద్దలకు, అధ్యాపకులకు నమస్కారం. నేను 2023-24లో విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉన్న ఒక కళాశాలలో బీఎస్సీ ఆనర్స్‌లో చేరాను. మేజర్ బయోకెమిస్ట్రీ, మైనర్ కెమిస్ట్రీ. నాలుగు సెమిస్టర్లు బ్యాక్‌లాగ్ లేకుండా పూర్తయ్యాయి. ఈలోగా మా నాన్నగారికి హైదరాబాద్‌కు బదిలీ అయింది. ఇల్లు మొత్తం ఈ వేసవిలోనే అక్కడికి మారుతోంది. అమ్మ ఆరోగ్యం అంతంతమాత్రంగా ఉండడంతో, నేను కూడా అక్కడే ఉండి చదువుకుంటే ఆమెకు చేదోడుగా ఉంటానని ఇంట్లో అందరూ అనుకుంటున్నారు.

నా సందేహాలు రెండు. ఉస్మానియా విశ్వవిద్యాలయ పరిధిలోని ఏదైనా కళాశాలలో నేరుగా మూడో సంవత్సరంలో చేరి డిగ్రీ పూర్తి చేయవచ్చా? ఇప్పటివరకు నేను సంపాదించిన క్రెడిట్లు (పేపర్లు పాసైనప్పుడు వచ్చే పాయింట్లు), వాటిని విద్యార్థి పేరున ఖాతాలో జమచేసే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ద్వారా వాటంతట అవే అక్కడికి బదిలీ అవుతాయా? మా బంధువు ఒకరు, అక్కడ సీట్లు ఖాళీగానే ఉన్నాయి కాబట్టి ముందు టీసీ తీసుకుని వచ్చేయమని చెబుతున్నారు. తొందరపడి తప్పటడుగు వేస్తానేమోనన్న భయంతో ఇక్కడ అడుగుతున్నాను.

సమాధానం (డిగ్రీ కళాశాల బయోకెమిస్ట్రీ అధ్యాపకుడు):

అమ్మా, ముందుగా ఒక్క మాట: టీసీ జోలికి ఇప్పుడే వెళ్లవద్దు. కారణాలు చెబుతాను.

మీరు చదువుతున్నది ఆంధ్రప్రదేశ్‌లో 2023-24 నుంచి వచ్చిన సింగిల్ మేజర్ విధానం, అంటే ఒకే సబ్జెక్టును ప్రధానంగా చదివే పద్ధతి. తెలంగాణలో ఎక్కువ కళాశాలల్లో బీఎస్సీ ఇప్పటికీ మూడు ఆప్షనల్ సబ్జెక్టులతోనే నడుస్తోంది. అక్కడ బయోకెమిస్ట్రీతోపాటు మైక్రోబయాలజీ, కెమిస్ట్రీ వంటి మరో రెండు సబ్జెక్టులను మొదటి సెమిస్టర్ నుంచీ సమాన స్థాయిలో చదువుతారు. కాబట్టి ఎంజైములు, జీవక్రియల విషయంలో అక్కడి రెండో ఏడాది విద్యార్థి కంటే మీరు ఎక్కువే చదివి ఉండవచ్చు గానీ, మూడో ఆప్షనల్ మాత్రం అసలు ముట్టుకోలేదు. విశ్వవిద్యాలయం బదిలీకి అంగీకరించినా, ఆ సబ్జెక్టులో నాలుగు సెమిస్టర్ల పేపర్లు, ప్రాక్టికల్స్‌తో సహా, మూడో ఏడాది పేపర్లతో కలిపి రాయమని అడిగే అవకాశమే ఎక్కువ. మీరు అదనంగా చదివిన బయోకెమిస్ట్రీ ఆ లోటును పూడ్చదు. డిగ్రీ చేతులు మారేటప్పుడు ఎన్నేళ్లు చదివామన్నది ఎవరూ లెక్కించరు. ఏ పేపర్‌కు ఏ పేపర్ సరిపోతుందన్నదే చూస్తారు.

ఇక క్రెడిట్ల బ్యాంకు సంగతి. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2021లో తెచ్చిన ఆ నిబంధనల ప్రకారం మీ క్రెడిట్లు మీ ఖాతాలో ఏడేళ్ల వరకు చెల్లుబాటవుతాయన్నది నిజమే. అయితే డిగ్రీ ప్రదానం చేసే సంస్థలో కనీసం సగం క్రెడిట్లు సంపాదించి ఉండాలన్న షరతు కూడా అందులోనే ఉంది. దీన్ని చాలామంది గమనించరు. యూజీసీ చట్రంలో మూడేళ్ల డిగ్రీకి కనీసం 120 క్రెడిట్లు, నాలుగేళ్ల ఆనర్స్‌కు 160. అంటే ఏడాదికి దాదాపు 40. మీకు 80 వచ్చేశాయనుకుంటే మూడేళ్ల డిగ్రీకి మిగిలేవి 40 మాత్రమే, అంటే మూడో వంతు. మన విశ్వవిద్యాలయాల్లో అసలు అంకెలు కాస్త అటూఇటూగా ఉన్నా ఈ నిష్పత్తి పెద్దగా మారదు. కాబట్టి ఆ దారిలో చివరి ఏడాది మాత్రమే చదివి కొత్త విశ్వవిద్యాలయం డిగ్రీ పట్టా పొందడం కుదరదు. నాలుగేళ్ల ఆనర్స్ అయితే ఇక్కడ 80, అక్కడ 80, సరిగ్గా సగం అవుతుంది. కానీ అందుకు ఆ నాలుగేళ్ల బయోకెమిస్ట్రీ ఆనర్స్ నడుపుతూ, మూడో ఏడాదిలో మీకు చోటివ్వగలిగిన కళాశాల అక్కడ దొరకాలి.

క్రెడిట్ల బ్యాంకుతో సంబంధం లేకుండా, విశ్వవిద్యాలయాలు తమ సొంత నిబంధనల ప్రకారం ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఖాళీ సీటు, సిలబస్ సమానత చూసుకుని చేర్చుకునే పాత పద్ధతి కూడా ఉంది. అది పూర్తిగా వారి నిర్ణయం మీద ఆధారపడుతుంది. కళాశాలలో సీటు ఖాళీగా ఉందని చెప్పేది కళాశాల. మిమ్మల్ని చేర్చుకోవచ్చని చెప్పాల్సింది విశ్వవిద్యాలయం. మీ బంధువుగారు ఈ రెండింటినీ ఒకటిగా చూస్తున్నారు.

సమాధానం (హనుమకొండ నుంచి ఒక అన్న):

పై అధ్యాపకుల మాటకు మా ఇంటి అనుభవమే సాక్ష్యం. మా తమ్ముడు రెండో ఏడాది తరువాత వేరే రాష్ట్రంలోని ఒక విశ్వవిద్యాలయానికి మారదలచుకుని, అక్కడి కళాశాల వారు నోటిమాటగా సరేనన్న ధైర్యంతో జూన్‌లోనే టీసీ, మైగ్రేషన్ సర్టిఫికెట్ తీసుకున్నాడు. సిలబస్ సమానత గురించి విశ్వవిద్యాలయం సమాధానం వచ్చేసరికి సెప్టెంబరు అయింది. అందులో ఏడు పేపర్లు అదనంగా రాయాలన్నారు. తిరిగి పాత కళాశాలకు వెళదామంటే హాజరు గడువు దాటిపోయింది. ఏడాది పోయింది. కాగితం చేతికి రానిదే ఉన్న చోటు వదలకండి.

సమాధానం (విశ్వవిద్యాలయ పరీక్షల విభాగంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఉద్యోగి):

అమ్మాయీ, ఒకవేళ ప్రయత్నించి చూద్దామనుకుంటే, దరఖాస్తుతో జతపరచేవి పకడ్బందీగా ఉండాలి. నాలుగు సెమిస్టర్ల మార్కుల మెమోలు సరే. వాటికంటే ముఖ్యమైనది మీరు చదివిన ప్రతి పేపర్ సిలబస్‌కు ప్రిన్సిపాల్ సంతకం, ముద్ర ఉన్న నకలు. వెబ్‌సైట్ నుంచి దించిన ప్రతిని సంతకం లేకుండా పంపితే ఫైలు అక్కడే ఆగిపోతుంది. మీ బ్యాచ్ చదివిన ఏడాది సిలబస్సే ఇవ్వాలి, సవరించినది కాదు.

బయోకెమిస్ట్రీ వంటి సబ్జెక్టులో ప్రాక్టికల్ రికార్డులను కూడా భద్రపరచుకోవాలి. చక్కెరల పరీక్షలు, లౌరీ పద్ధతిలో ప్రోటీన్ పరిమాణం కట్టడం, లాలాజల అమైలేజ్ చర్య, అమైనో ఆమ్లాల పేపర్ క్రొమటోగ్రఫీ వంటివి ఎన్ని గంటలు చేశారో ఆ రికార్డే రుజువు. థియరీ సిలబస్‌లు ఎనభై పాళ్లు కలిసినా, ప్రాక్టికల్ గంటలు తక్కువగా ఉన్నాయని కొర్రీ పెట్టిన సందర్భాలు నా సర్వీసులో చూశాను. అన్నట్టు, రికార్డును పరీక్ష అయిన మర్నాడే జూనియర్లకు ఇచ్చేసే మన పిల్లల అలవాటు ఇలాంటప్పుడే కొంప ముంచుతుంది.

మరొక సంగతి. రెండు విశ్వవిద్యాలయాల మెమోలతో డిగ్రీ పూర్తయితే, తరువాత ఎక్కడ దరఖాస్తు చేసినా రెండు చోట్ల నుంచీ కాగితాలు తెప్పించుకోవాల్సి ఉంటుంది. ముఖ్యంగా అమెరికా విశ్వవిద్యాలయాలు మీరు చదివిన ప్రతి సంస్థ నుంచీ ట్రాన్స్‌క్రిప్టు కోరడం పరిపాటి.

ప్రశ్న అడిగినవారి స్పందన:

అందరికీ కృతజ్ఞతలు. సగం క్రెడిట్ల నిబంధన నాకు తెలియనే తెలియదు. మా కళాశాలలో కూడా ఎవరూ చెప్పలేదు. అయితే ఇంటి పరిస్థితి మాత్రం మారలేదు. పూర్తి ఏడాది హాస్టల్‌లో ఉండడం తప్ప వేరే మార్గం లేదా సార్?

సమాధానం (అదే అధ్యాపకుడు):

ఉందమ్మా, మీ కోర్సు ప్రణాళికలోనే ఉంది. మీ మూడో ఏడాదిలో తరగతులు ఒక సెమిస్టరే. మరో సెమిస్టర్ మొత్తం ఇంటర్న్‌షిప్ కోసం కేటాయించారు. ఆ ఇంటర్న్‌షిప్ విశాఖలోనే చేయాలని లేదు. సంస్థ ఇచ్చే అంగీకారపత్రాన్ని మీ కళాశాల ముందుగా ఆమోదించి, మీకు ఒక మెంటర్‌ను కేటాయిస్తే చాలు. బయోకెమిస్ట్రీ విద్యార్థికి హైదరాబాద్ కంటే అనువైన ఊరు మన దగ్గర లేదు. సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ), తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వంటి చోట్ల అవకాశం దొరకడం కష్టమే గానీ దరఖాస్తు చేయడంలో నష్టం లేదు. వాటినే నమ్ముకుని కూర్చోకుండా, పెద్ద ఆసుపత్రుల క్లినికల్ బయోకెమిస్ట్రీ ల్యాబులు, డయాగ్నస్టిక్ కేంద్రాలు, శామీర్‌పేట వైపు జీనోమ్ వ్యాలీలోని టీకా కంపెనీలు, ఫార్మా కంపెనీల క్వాలిటీ కంట్రోల్ విభాగాలకు ఇప్పటి నుంచే రాయండి. ఆసుపత్రి ల్యాబు దొరికితే వదలవద్దు. కాలేయ, మూత్రపిండాల పరీక్షలు రోజూ వందల నమూనాల మీద నడుస్తుంటే చూసి నేర్చుకున్నది మా ల్యాబులో ఏడాది చెప్పినా రాదు.

అంటే మీరు ఇంటికి దూరంగా ఉండేది నాలుగైదు నెలలే. ఆ సెమిస్టర్‌లో 75 శాతం హాజరు తప్పనిసరి కాబట్టి శని, ఆదివారాలకు సెలవు రోజులు కలిసినప్పుడు మాత్రమే ప్రయాణాలు పెట్టుకోండి. తరగతులు, ఇంటర్న్‌షిప్‌లలో ఏది ముందు, ఏది తరువాత అన్నది కొన్ని కళాశాలలు తమ వీలును బట్టి మారుస్తున్నాయి. మీ అమ్మగారి పరిస్థితి చెప్పి, ఇంటర్న్‌షిప్‌ను ఎప్పుడు పెడుతున్నారో ఇప్పుడే ప్రిన్సిపాల్ గారిని అడగండి.

మూడేళ్లకు డిగ్రీ తీసుకుని బయటికి వస్తే, హైదరాబాద్‌లోనే ఎమ్మెస్సీకి రెండు దారులు కనిపిస్తాయి. కేంద్రీయ విశ్వవిద్యాలయంలో బయోకెమిస్ట్రీ విభాగానికి సీయూఈటీ పీజీ ప్రవేశ పరీక్ష రాయాలి, ప్రవేశాలు అఖిల భారత స్థాయిలో ఉంటాయి. ఉస్మానియా తదితర రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు సీపీగెట్ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష రాయాలి. అక్కడ స్థానికత నిబంధనలు మీకు వర్తిస్తాయి కాబట్టి ఆ ఏడాది నోటిఫికేషన్‌ను అక్షరం వదలకుండా చదవండి.

ప్రశ్న అడిగినవారి స్పందన:

ఈ ఉదయం ప్రిన్సిపాల్ గారిని కలిశాను సార్. మా కళాశాలలో ఐదో సెమిస్టర్ తరగతులు, ఆరో సెమిస్టర్ ఇంటర్న్‌షిప్ అని, సంస్థ నుంచి ఉత్తరం తెస్తే హైదరాబాద్‌కు అనుమతిస్తామని చెప్పారు. టీసీ ఆలోచన మానుకున్నాను. నాన్నగారు కూడా సరేనన్నారు. అప్పటివరకు అమ్మకు తోడుగా మా పిన్ని వచ్చి ఉంటానన్నారు. రెండో ఏడాది రికార్డు ఒకటి నిజంగానే జూనియర్ దగ్గర ఉంది, రేపే వెళ్లి తెచ్చుకుంటాను.