టార్క్ రెంచ్ (నట్లను కావాల్సినంత బలంతోనే బిగించే పానా) ఏది కొనమంటారు? పాతదాన్ని నమ్మొచ్చా?

మాది హన్మకొండ. పోయిన నెల కాజీపేటలో పంక్చర్ వేయిస్తే, షాపతను గాలి గన్‌తో నట్లు ఎంత బిగించాడో ఏమో, తర్వాత నేను విప్పబోతే ఒక స్టడ్ (నట్టు ఎక్కే బోల్టు) పుటుక్కున విరిగింది. అప్పట్నుంచి టైర్ల పని నేనే చేసుకుంటున్నా.

మా బావ తన క్లిక్ టైప్ రెంచ్, అంటే పెట్టిన బిగువు రాగానే టక్కుమనేది, ఇచ్చాడు. రెండేళ్లు 110 న్యూటన్ మీటర్ల (బిగువు కొలత) మీదే పెట్టి డిక్కీలో పడేశాడట! వాడాక స్కేలు కిందికి తిప్పి పెట్టకపోతే స్ప్రింగ్ సడలుతుంది కదా. అనుమానం వచ్చి దాని మొనను వైస్‌లో బిగించి, 40 సెంటీమీటర్ల దూరంలో పిడికి 20 కిలోల తూకం వేలాడదీశా. లెక్క ప్రకారం 78 న్యూటన్ మీటర్లు, రెంచ్ బరువు కలిపినా 81 దాటదు. 90 మీద పెట్టినా టక్కుమంది.

దీన్ని క్యాలిబ్రేషన్ (కొలత సరిచేయడం) చేయించడం దండగేనా? వరంగల్‌లో చేసేవాళ్లున్నారా, హైదరాబాద్ పోవాల్సిందేనా? కొత్తదైతే, నా కారు వీల్ నట్లకు 85 కావాలి, 40-200 రేంజ్, అర అంగుళం మొన ఉన్నది చూస్తున్నా. ఆయిల్ డ్రెయిన్ ప్లగ్ 35కి మాత్రం ఇంకో చిన్నది కొనక తప్పదా? వాడుతున్నవాళ్లు చెప్పండి.